తలుపు వెనక నవ్వు

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద నంబరు చదవడం వచ్చు. చదువు అంతవరకే. అందుకే నేను చెప్తుంటే మా అక్క మనవరాలు రాస్తోంది. మొన్న ఈ పిల్లే ఫోన్‌లో ఏదో చూసి కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఏందో చూపించమన్నాను. ఎవరో ఆఫ్రికా మనిషి నవ్వుకుంటూ పండు తింటుంటే పక్కన కోతి బొమ్మ అతికించిన వీడియో అది. నాకు నవ్వు రాలేదు. ఫోన్ పక్కన పెట్టెయ్యమన్నాను.

"ఏందమ్మమ్మా, జోకే కదా! గంత పరేషాన్ ఎందుకు?" అంది.

అప్పుడు చెప్పాను ఈ సంగతి. విన్నాక ఆమే అంది, దీన్ని రాసి పెడదాం, కంపెనీల దిక్కు పనికి పోయే తన వయసు వాళ్లు చదువుతారని. సరే, చదవండి. నవ్వాలా వద్దా అని తీర్పు చెప్పేంత తెలివి నాకు లేదు. నేను చూసింది చెప్తాను.

కొత్తగూడ చౌరస్తా దాటి లోపలి గల్లీలోకి పోతే ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ ఉండేది. కంపెనీల పని మీద వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కొన్ని నెలలు అందులో దిగేవాళ్లు. గదిలోనే మంచం, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ ఉంటాయి. మేం పోయి దుప్పట్లు మార్చాలి, తుడవాలి, గిన్నెలు కడగాలి. పాలమూరు నుంచి నేనూ మా ఆయనా కలిసి వచ్చాం, కోకాపేట దిక్కు లేస్తున్న టవర్లలో ఇటుకలు మోశాం. ఆయన పరంజా మీంచి పడి పోయాక నాకు మళ్లీ దాని కింద నిలబడబుద్ధి కాలేదు. ఎవరో చెప్తే ఈ పనిలో చేరాను. మోకాళ్లు పట్టేసేదాకా అక్కడే చేశాను.

మేనేజరు సారు గోదావరి దిక్కు మనిషి, నోరు తెరిస్తే అండి అనేవాడు. సెల్లారులో వాచ్‌మన్ కుటుంబం ఉండేది. వాచ్‌మన్ నన్ను అక్కా అనేవాడు. అతని భార్య నాతోపాటే గదులు తుడిచేది. వాళ్లకు ఒక్కతే బిడ్డ. ఇంకా బడికి పోయే వయసు రాలేదు. రోజంతా కార్ల మధ్య, స్తంభాల వెనక ఆడుకునేది. మేం ఆడవాళ్లం మధ్యాహ్నం జనరేటర్ పక్కన గోనెసంచి పరుచుకుని డబ్బాలు విప్పేవాళ్లం.

నాలుగో అంతస్తులోకి ఆ ఆఫ్రికా సారు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కామెరూన్ అనే దేశమట. ఫోన్‌లో ఫ్రెంచి భాష మాట్లాడే వాళ్లు కావాలని ఏదో కంపెనీ తెచ్చుకుంది. తలుపులోంచి వంగి లోపలికి వచ్చేంత ఎత్తు. మనిషిని చూడగానే ఆడవాళ్లెవరూ నాలుగో అంతస్తు మాకొద్దన్నారు.

"నువ్వే పోవాలె అక్కా. నువ్వూ గదే రంగు కదా, నీ తమ్ముడే అనుకో," అంది వాచ్‌మన్ భార్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చిన్నప్పటి నుంచి నన్ను నల్లపిల్ల అనే పిలిచారు కాబట్టి అది నాకు కొత్తగా తగల్లేదు. పనిలో కొత్తగా చేరినదాన్ని, పైగా మొగుడు లేనిదాన్ని. నవ్వకుండా ముఖం మాడ్చుకుని ఎక్కడికి పోతాను?

మొదట్లో భయపడుతూనే పోయేదాన్ని. నేను గది తుడుస్తున్నంతసేపూ ఆయన బయటికి వచ్చి, తలుపు బార్లా తీసి పెట్టి, లిఫ్టు దగ్గర నిలబడేవాడు. ఏంటీ పద్ధతి అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది. ఒక ఆడమనిషి తన గదిలో ఉండగా తలుపు మూసి ఉందని ఎవరూ అనకూడదని. గదిలో ఎండుచేపల వాసన, ఇస్త్రీ చొక్కాలు, వాళ్లమ్మ ఫొటో. అంతే సామాను.

ఆయన నేర్చుకున్న మొదటి తెలుగు మాట తింటా. మా దగ్గర ఎవరు కనబడినా ముందు అడిగేది తిన్నవా, తింటవా అనే కదా. సెల్లారులోంచి పోతుంటే ఎవరో ఒకరు "సారు, తింటవా?" అనేవాళ్లు. "తింటా" అని కూర్చుని జొన్నరొట్టె తిన్నాడు ఒకసారి. పచ్చడికి కళ్లల్లో నీళ్లు కారాయి.

ఆ పిల్ల మాత్రం ఆయన్ని చూస్తే కెవ్వుమనేది. ఒకరోజు ఎదురుపడి గట్టిగా ఏడ్చింది. తల్లి ఉరికొచ్చి ఎత్తుకుని, "చూసినవా, అల్లరి చేస్తే గాయన ఎత్తుకపోతడు" అంది. ఆయనకు ఆ మాటలు అర్థమయ్యాయో లేదో గానీ, తల్లి ముఖం అర్థమైంది. సంచి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

మర్నాడు పిల్ల కనబడగానే ఆయన కళ్లు పెద్దవి చేసి, నోరంతా తెరిచి, "తింటా!" అన్నాడు. పిల్ల బిక్కచచ్చింది. వెంటనే తనే భయపడ్డట్టు నటించి, స్తంభం చాటుకు ఉరికి, తల బయటికి పెట్టి చూశాడు. అంత పెద్ద మనిషి అంత సన్న స్తంభం వెనక దాక్కుంటే పిల్లకు నవ్వాగలేదు. తల్లి కూడా నవ్వింది.

అక్కడి నుంచి అది రోజూ ఆటయింది. ఆయన తింటా అనాలి, పిల్ల ఉరికి దాక్కోవాలి, ఆయన వెతకాలి. మా డబ్బాల మూతలు ఎత్తి చూసి, "గిదేం కూర? పిల్ల కూరనా?" అనేవాడు. మేం అన్నం పొరబోయేదాకా నవ్వేవాళ్లం. వాచ్‌మన్ సామాన్లు తెచ్చే డెలివరీ పిల్లగాళ్లకు చెప్పేవాడు, "పైన నల్లసారు ఉన్నడు, పిల్లల్ని తింటడు, జర పైలం." గల్లీలో ఇస్త్రీబండి పెట్టుకున్న ఆయనకూ చెప్పాడు. పక్కన కట్టే బిల్డింగు కూలీలకు తెలిసింది. ఆయన గల్లీలోంచి పోతుంటే "ఏం సారు, ఇయాల ఎంతమందిని తిన్నవ్?" అని అరిచేవాళ్లు. ఆయన కడుపు నిమురుకుని, "ఇంకా ఆకలి" అనేవాడు. గల్లీ అంతా నవ్వేది.

ఎంత సరదా మనిషి, ఎంత ధైర్యం, తనని తానే ఎగతాళి చేసుకుంటున్నాడు అనుకున్నాను. ఆయనే అంటుంటే మనం నవ్వడంలో తప్పేముంది? మీరు కూడా ఇదే అడుగుతారు. నేనూ అదే అనుకున్నదాన్ని.

ఒక్కసారి మాత్రం నేను మెట్లు తుడుస్తుంటే కింద కొత్తగా వచ్చిన కూలీల గుంపుతో ఆ జోకు వేసి పైకి వచ్చాడు. నన్ను చూడలేదు. రెండో అంతస్తు మలుపులో గోడకు ఆనుకుని, చేతుల్లో ముఖం పెట్టుకుని, చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"పానం బాగలేదా సారు?" అన్నాను.

ఉలిక్కిపడి, పళ్లు బయటపెట్టి, "బాగుంది అమ్మా, బాగుంది" అన్నాడు. నేనూ సరే అనుకుని బకెట్ జరుపుకున్నాను.

ఆ వానాకాలంలో అందరి ఫోన్లలో పిల్లల్ని ఎత్తుకపోయేవాళ్లు తిరుగుతున్నారని మెసేజీలు వచ్చాయి. ఎక్కడివో ఏమో. నాకు చదవడం రాదు గనక బొమ్మలు చూశాను. భయపెట్టే బొమ్మలు. గేటు దగ్గర చిత్తు కాగితాలు ఏరుకునే ముసలామెను కూడా నిలబెట్టి సంచి విప్పించారు.

అటువంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం. ఆయనకు ఆరోజు సెలవు. కూరగాయల సంచితో గేట్లోంచి వచ్చాడు. పిల్ల ఎదురు నిలబడి ఎదురుచూస్తోంది. ఆయన నోరు తెరిచి "తింటా!" అన్నాడు. పిల్ల కేకలు పెడుతూ ఉరికింది. ఇంతలో ఆయన ఫోన్ మోగింది. వాళ్ల ఇంటి నుంచి. ఫోన్ చెవికి పెట్టుకుని, మాట్లాడుకుంటూ పైకి పోయాడు. వెతకడం మర్చిపోయాడు. ఇదంతా నాకు తర్వాత ఆయనే చెప్పాడు. అప్పుడు నేను మూడో అంతస్తులో బాత్రూం కడుగుతున్నాను.

చాలాసేపటికి కింద వాచ్‌మన్ భార్య బిడ్డను పిలవడం వినబడింది. మొదట మామూలుగా పిలిచింది. తర్వాత గొంతు పెరిగింది. తర్వాత గొంతు పగిలింది.

కిందికి ఉరికాను. కార్ల కింద చూశాం. పైకప్పు మీద చూశాం. సంపు మూత లేపి వాచ్‌మన్ నీళ్లలోకి దిగాడు. అతను తల ముంచిన ప్రతిసారీ మేమందరం ఊపిరి బిగబట్టాం. అతను ఖాళీ చేతులతో పైకి వస్తుంటే ఏడవాలో దండం పెట్టుకోవాలో తెలియలేదు. గేటు బయట జనం పోగయ్యారు.

"ఆఖరికి ఎవరు చూసిండ్రు పిల్లను?" అని ఎవరో అడిగారు.

ఇస్త్రీబండి ఆయన నోరు తడుపుకుని, "నేను చూసిన. నల్లసారు తింటా అన్నడు, పిల్ల ఉరికింది" అన్నాడు.

అప్పుడు వాచ్‌మన్ భార్య నేల మీద కూర్చుని చెప్పింది. "రోజూ అంటుండె. నా ముంగటనే అంటుండె. నా బిడ్డను తింటా అంటుండె." అదే మాట. ఒక్క అక్షరం మారలేదు. నవ్వు మాత్రం అందులోంచి పోయింది.

"ఔ, మాకు గూడ చెప్పిండు, ఆకలి అన్నడు," అన్నాడు ఒక కూలీ. "పిల్ల కూర అన్నడు," అంది మాతో కూర్చుని తినే ఆమె. తలా ఒక మాట తెచ్చి పెట్టారు. అన్నీ ఆయన అన్నవే. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అది నన్ను ఇప్పటికీ వణికిస్తుంది, ఎవరూ అబద్ధం చెప్పలేదు.

"ఫ్రిజ్ చూడుండ్రి వానిది!" అని వెనక నుంచి ఒక కేక.

మేనేజరు సారు నన్ను పక్కకు లాగాడు. "అమ్మా, నాలుగో అంతస్తు తాళం మీ దగ్గరే ఉంది కదండీ? ఎవరికీ ఇవ్వకండి. పోలీసులకు ఫోన్ చేశాను, బయలుదేరామన్నారు. మీరు ఎటైనా వెళ్లిపోండి." అని ఆఫీసు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను.

ఎటు పోను? గేటు నిండా జనం. నా నడుముకు తాడుతో తాళాలు. ఎవడో చూసి, "తాళం గీమె కాడ ఉన్నది!" అన్నాడు. నేను మెట్లెక్కాను. నా వెనక చెప్పుల చప్పుడు. నేను ఆగితే ఆ తాళం వాళ్ల చేతికి పోతుంది. పోతే ఆయన్ని నేనే చంపినట్టు. ఎందుకు గదిలోకి దూరావని తర్వాత చాలామంది అడిగారు, నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు కూడా. ధైర్యం కాదు అది. తరుముతుంటే ఎలుక దొరికిన కన్నంలోకి దూరుతుంది కదా, అట్లా దూరాను. తలుపు తీసి, లోపలికి పోయి, పైగడియా కిందగడియా వేశాను.

ఆయన మంచం చివర కూర్చుని ఉన్నాడు. బూట్లు వేసుకుని, కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని. కిటికీలోంచి అంతా విన్నాడు.

"అమ్మా, పాప దొరికిందా?" అదే ముందు అడిగాడు.

"లేదు సారు."

"నేను ఫోన్ మాట్లాడిన. వెతకలే. నేను వెతకలే అమ్మా," అన్నాడు. తలుపు మీద మొదటి దెబ్బ అప్పుడే పడింది.

నేను ఫ్రిజ్ తీశాను. ఎందుకు తీశానో అడగకండి. ఆయన చూస్తుండగానే తీశాను. టమాటాలు, పాల ప్యాకెట్, ఒక చేప. మంచం కింద చూశాను, బాత్రూంలో చూశాను. వెనక్కి తిరిగితే ఆయన నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు చచ్చేదాకా పోదు.

అప్పుడు ఆయన నోరు మెల్లగా తెరుచుకుంది. ఆటలో తెరిచినట్టే. "తినేసిన అమ్మా," అన్నాడు. "కొంచెం ఉంది. నీకు కావాలా?" అని నవ్వడం మొదలుపెట్టాడు.

భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్లల్లో నీళ్లు. ఆపుకోలేకపోతున్నాడు. అది రోజూ సెల్లారులో విన్న నవ్వే. అప్పటిదాకా నాకు తెలియలేదు, ఆ నవ్వు అడుగున ఏముందో. వచ్చిన రోజు నుంచీ ఈ మనిషి భయపడుతూనే ఉన్నాడు. మనం భయపడకుండా ఉండాలని మనల్ని నవ్వించాడు. మనం నవ్వుతున్నంతసేపూ ఎవరూ కొట్టరని లెక్క వేసుకున్నాడు.

తలుపు అవతల ఎవడో, "ఆగుండ్రి, లోపల ఏదో సప్పుడైతుంది" అన్నాడు.

పిల్ల పోయిందని తల్లి కింద పడి ఏడుస్తుంటే, లోపల ఈయన నవ్వుతున్నాడని వాళ్లు వింటే ఇంకేమన్నా ఉందా? ఉరికి ఆయన నోటి మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఫినాయిల్ వాసన చెయ్యి. "నవ్వకు కొడుకా. బయటోళ్లు వింటరు. నీ కాళ్లు మొక్కుతా, నవ్వకు." అప్పటిదాకా సారు అన్నదాన్ని, ఆ క్షణం కొడుకా అని వచ్చింది నోట్లోంచి. నా అరచేతి కింద ఆయన నవ్వు గువ్వపిట్టలా కొట్టుకుంటోంది. ఏం చెప్పమంటారు, నాకూ పొంగుకొచ్చింది అదే నవ్వు. భయం అట్లా కూడా వస్తుంది మనిషికి. రెండో చేత్తో నా డ్యూటీ డ్రెస్సు చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

"అక్కా," వాచ్‌మన్ గొంతు. సంపులో తడిసిన బట్టలతోనే వచ్చినట్టున్నాడు, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "అక్కా, లోపల్నే ఉన్నవా? తలుపు తియ్యి. నిన్నేమనం. నా బిడ్డక్కా."

ఆ పిల్లకు నేను ఎన్నిసార్లు జడ వేశానో.

"తమ్మీ, మొత్తం చూసిన. ఫ్రిజ్ల చూసిన, మంచం కింద చూసిన. పిల్ల లేదు ఈడ. నా మీద ఒట్టు."

"అబద్ధం! లోపల బెదిరిస్తున్నడు ఆమెను!"

"బెదిరించుడు ఏంది, ఆమె గూడ వానితోనే కలిసింది. ఇద్దరొకటే రంగు కదరా!"

అంత కోపంలో, అంత ఏడుపులో, ఆ మాటకు ఎవరో నవ్వారు. నేను విన్నాను. ఒకరో ఇద్దరో. మామూలు నవ్వే. దెబ్బల కంటే ఆ నవ్వుకే నాకు ఎక్కువ భయం వేసింది. మేం ఆ నవ్వే నవ్వాం, డబ్బాలు ముందు పెట్టుకుని.

తర్వాత ఇనుప చప్పుడు. మెట్ల దగ్గర మంటలు ఆర్పే ఎర్ర సిలిండరు ఉంటుంది కదా, దాంతో కొడుతున్నారు. పైగడియ మరమేకు ఒకటి ఊడి నా కాళ్ల దగ్గర పడింది. ఆయన లేచాడు. నవ్వు ఆగిపోయింది. "అమ్మా, నువ్వు బాత్రూంలోకి పో. లోపల పెట్టుకో. నా కోసం వచ్చిండ్రు," అన్నాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. పట్టుకుంటే ఏమవుతుంది? ఏం కాదు. అయినా పట్టుకున్నాను.

కింద గడియ కూడా వంగుతుండగా, మెట్ల మీద నుంచి మేనేజరు సారు అరుపులు. "ఆగండి! ఆగండయ్యా! దొరికింది! పాప దొరికింది!" ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, గొంతు చించుకుంటూ వచ్చాడు. ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

ఫోన్‌లోంచి పిల్ల గొంతు వచ్చింది. "అమ్మా! నేను దొరకలే! సారుకు నేను దొరకలే!"

సంగతేమిటంటే, మా దగ్గర వాడిన దుప్పట్లు, తడి తువ్వాళ్లు అన్నీ చక్రాల బోను లాంటి ట్రాలీలో పడేస్తాం. మధ్యాహ్నం లాండ్రీ బండి వచ్చి, ట్రాలీని ట్రాలీగానే నెట్టుకుని ఎక్కించుకుపోతుంది. పిల్ల ఆ దుప్పట్ల అడుగున దాక్కుంది. ఆయన ఎంతకీ రాకపోతే అక్కడే నిద్రపోయింది. తడి తువ్వాళ్లతో ట్రాలీ ఎప్పుడూ బరువే గనక తోసినవాళ్లకు అనుమానం రాలేదు. శేరిలింగంపల్లి అవతల వాళ్ల షెడ్డులో బోను కుమ్మరిస్తే దుప్పట్లతో పాటు పిల్ల దొర్లింది. బోను కంతల్లోంచి గాలి ఆడింది కాబట్టి బతికింది. ఆ తలుపు ఇంకాసేపు ఆగింది కాబట్టి ఆయనా బతికాడు.

జనం దిగిపోవడం మొదలుపెట్టారు. సిలిండరు కింద పెట్టిన చప్పుడు విన్నాను. అప్పుడు మెట్ల మీద ఎవడో అన్నాడు, "పాపం, నల్లసారు ఇయాల ఉపాసమే!" అంతే. మెట్లు మెట్లన్నీ నవ్వాయి. నాలుగో అంతస్తులో మొదలై, మూడు, రెండు, ఒకటి దిగుకుంటూ సెల్లారు దాకా పోయింది ఆ నవ్వు. నేను ఆయన వైపు చూశాను. ఆయన పెదవులు కూడా సాగాయి. అలవాటు.

పోలీసులు వచ్చి, చూసి, నలుగురితో మాట్లాడి పోయారు. వాచ్‌మన్ పైకి వచ్చి వంగిన గడియను చేత్తో సరిచేయబోయాడు. అది సరికాలేదు. "ఏమనుకోకు సారు," అన్నాడు. "ఏం లేదు అన్నా," అన్నాడు ఆయన. మర్నాడు పొద్దున్నే మేనేజరు సారు వచ్చి, "మీ మంచికే చెబుతున్నానండి, వేరే చోటు చూసుకోండి" అన్నాడు. నన్ను పక్కన నిలబెట్టుకుని చెప్పాడు, తెలుగులో. ఆయనకు అర్థమైంది.

వాచ్‌మన్ భార్య కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఒకరోజు ఇద్దరం దుప్పటి చెరో కొన పట్టుకుని మడత పెడుతుంటే అంది, "నన్నే తప్పు పడుతున్నవ్ కదా అక్కా. నువ్వు గూడ నవ్వినవ్."

"నవ్విన."

"నేను ఉత్తగనే నవ్విననుకున్నవా? గంత పెద్ద మనిషి నా బిడ్డను తింటా అంటుంటే నా కడుపుల ఎట్లుంటది? నవ్వకపోతే నిజమైతదేమో అని నవ్విన."

నేను దుప్పటి వదిలేశాను. ఆయన భయంతో జోకు వేశాడు. ఈమె భయంతో నవ్వింది. రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పళ్లు బయటపెట్టుకున్నారు. మిగతా వాళ్లం అది చూసి, మా దగ్గర ఎంత బాగుందో, అందరూ కలిసిపోయారు అనుకున్నాం. అందుకే నేను మా పిల్లను అడిగాను, నీ ఫోన్‌లో ఆ మనిషి నవ్వుతున్నాడు సరే, ఎందుకు నవ్వుతున్నాడో నీకు తెలుసా అని.

ఆయన కోకాపేటలో ఒక ఇంట్లో పైగది చూసుకున్నాడు. సామాను ఆటోలో ఎక్కిస్తుంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు. డ్యూటీ బట్టలతోనే ఎక్కి పక్కన కూర్చున్నాను. ఆటో నడిపే అతను అద్దంలోంచి చూసుకుంటూ, "ఏడ దొరికిండమ్మా?" అన్నాడు నవ్వుకుంటూ. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ ఇంటి గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీంచి లేచాడు. ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు. చెయ్యి మెల్లగా కర్ర మీదికి పోయింది. పక్క వాకిట్లో ముగ్గు వేస్తున్న ఆమె తన పిల్లలను లోపలికి పిలుచుకుంది. నేను ఆయన ముఖం చూస్తున్నాను. కళ్లు పెద్దవవుతున్నాయి. నోరు తెరుచుకోబోతోంది. మళ్లీ మొదలుపెడతాడు. మొదలుపెట్టకపోతే కర్ర, మొదలుపెడితే మళ్లీ ఆ తలుపు. ఆయనకు ఉన్నవి ఆ రెండే.

నా నోట్లోంచి గబగబా మాటలు పడ్డాయి. "అన్నా, ఈయన ఫోన్ల కంపెనీల చేస్తడు. ఈయన గది నేనే తుడిసేదాన్ని. తాగడు, లొల్లి పెట్టడు. నా నంబర్ రాసుకో. ఏమన్నా అయితే, ఎవలన్నా ఏమన్నా అంటె, ముందుగాల నాకు ఫోన్ చెయ్యి. ఎవలకు చెప్పకముందే నాకు చెయ్యి. మర్చిపోకు."

వాచ్‌మన్ కర్ర వదిలి ఫోన్ తీశాడు. ఆయన నోరు మూసుకున్నాడు. సూట్‌కేసు ఎత్తుకుని, ఏమీ అనకుండా మెట్లెక్కి పైకి పోయాడు.

ఆ రోజు నుంచి తెలియని నంబరు మోగితే చాలు, చేతిలో పని వదిలేసి ఉరికేదాన్ని. టీవీలో ఎక్కడైనా గుంపు, రాళ్లు కనబడితే ముఖం కోసం వెతికేదాన్ని. పని మానేశాక కూడా ఆ భయం మానలేదు.

ఆ వాచ్‌మన్ ఒక్కసారే ఫోన్ చేశాడు. కోకాపేట నుంచి వాచ్‌మన్ మాట్లాడుతున్న అనగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఏమైంది? ఎవలు కొట్టిండ్రు?" అన్నాను.

"ఎవలు కొడతరమ్మా? ఏం కాలే. సారు ఖాళీ చేసిండు, వాళ్ల దేశం పోయిండు. పొయ్యేముందు నీకు ఫోన్ చేసి చెప్పమన్నడు."

మళ్లీ కుర్చీలో కూర్చుని అడిగాను. "అన్నా, పొయ్యేటప్పుడు నవ్వుకుంట పోయిండా?"

నేనెందుకు అడిగానో అతనికి అర్థం కాలేదు. ఆలోచించి చెప్పాడు.

"లేదమ్మా. మామూలుగనే పోయిండు."